ఊరూ పేరూ ఉన్న మొక్కలు

1984లో దక్షిణాఫ్రికా రాజధాని నగరాల్లో ఒకటైన ప్రిటోరియాలో, ప్రోటియా పార్క్ అనే ఉద్యానంలో ఒక పొద నిపుణుల కంట పడింది. ఇంచుమించు మనిషి ఎత్తు, సూదుల్లాంటి సన్నని ఆకులు, కొమ్మ చుట్టూ వలయాలుగా వేలాడే ఊదా గులాబి రంగు గొట్టపు పూలు. దాని పేరు ఎరికా వెర్టిసిల్లాటా. పార్కుకు షికారు వచ్చేవారికి అది ఒక అందమైన పూలపొద మాత్రమే. వృక్షశాస్త్రజ్ఞుల లెక్కల్లో మాత్రం, ప్రకృతిలో దశాబ్దాల కిందటే నశించిపోయిన జాతి. దాని పుట్టినిల్లు అక్కడికి రోడ్డు మార్గాన 1,400 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న కేప్‌టౌన్ నగరపు ఇసుక మైదానాలు. ఆ మైదానాల్లో చాలా భాగాన్ని ఇళ్ళూ రోడ్లూ ఎప్పుడో కప్పేశాయి. మిగిలిన పొదల పూలను కోసి నగరంలో అమ్ముకున్నారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల తరువాత ఆ మొక్కను దాని సొంత నేల మీద చూసినవారు లేరు.

చచ్చిపోయిందనుకున్నది బతికి ఉంటే ఎవరికైనా సంతోషమే. అయితే ఆ వెంటనే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. ఆ పొద తాతముత్తాతలు ఏ మడుగు ఒడ్డున పెరిగాయి? ఒక్క మొక్క నుంచి వచ్చాయా, పది మొక్కల నుంచా? దానికి జవాబు మొక్కను చూసి చెప్పగలిగేది కాదు. మొక్కను మొదటిసారి తోటలోకి తెచ్చిన మనిషి ఏదో ఒక పుస్తకంలో రాసి ఉంచితేనే తెలుస్తుంది. స్థానిక మొక్కల కోసమే ఏర్పడిన వృక్షోద్యానాల్లో ఉద్యానకారుడు చేసే పనిలో సగం ఈ రాతపని. మిగిలిన సగం, రాసిన మొక్కను చావకుండా చూసుకోవడం. తెలుగులో ‘ఊరూ పేరూ లేనివాడు’ అంటే లెక్కలోకి రానివాడని అర్థం. మొక్కల విషయంలో పేరు పెట్టేది వృక్షశాస్త్రజ్ఞుడు. ఊరు గుర్తుపెట్టుకోవలసింది ఉద్యానకారుడు. ఆ పని ఎలా సాగుతుందో, దాని మీద ఏం ఆధారపడి ఉంటుందో చూడటానికి కేప్‌టౌన్‌లోని కిర్‌స్టన్‌బోష్ జాతీయ వృక్షోద్యానం కంటే మంచి చోటు దొరకడం కష్టం.

పరదేశి మొక్కల తోటలు, స్వదేశి మొక్కల తోట

వలసపాలకులు ఆసియా, ఆఫ్రికాలలో పెట్టిన వృక్షోద్యానాలకు మొదట్లో ఉన్న ప్రయోజనం వేరు. ఎక్కడి నుంచో తెచ్చిన లాభసాటి పంట ఈ నేలలో పండుతుందా లేదా అని పరీక్షించడం వాటి పని. తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో తోట పెట్టి మిరియాలు, నీలిమందు, చెరకు వంటివాటి మీద ప్రయోగాలు చేసి, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద వచ్చిన అతని గ్రంథంలో మొక్కల తెలుగు పేర్లు కూడా నమోదయ్యాయి. అంటే కంపెనీ కోసం పంటలు వెతికిన మనిషే స్థానికులను అడిగి పేర్లు రాసుకున్నాడు. దక్షిణాఫ్రికాలో డర్బన్ వృక్షోద్యానం 1849లో మొదలైనప్పుడు దాని ఉద్దేశమూ ఇదే. చెరకు వంటి పంటలను అక్కడ పరీక్షించారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కిన తెలుగు, తమిళ కూలీలు నేటాల్ తోటల్లో నరికింది ఆ చెరకునే.

కిర్‌స్టన్‌బోష్ ఇందుకు భిన్నంగా పుట్టింది. టేబుల్ పర్వతం తూర్పు వాలులోని ఆ ఎస్టేటును సెసిల్ రోడ్స్ 1895లో కొన్నాడు. 1902లో అతను చనిపోయాక ఆ భూమి దేశానికి దక్కింది. సౌత్ ఆఫ్రికన్ కాలేజీలో వృక్షశాస్త్రం బోధించే హెరాల్డ్ పియర్సన్ పట్టుదల వల్ల 1913లో అక్కడ తోట ఏర్పడింది. దేశంలో పుట్టిన మొక్కలే పెంచాలన్నది నియమం. అప్పటి ప్రపంచంలో అదొక వింత నియమం. కేప్ ప్రాంతపు ఎరికాలూ పెలార్గోనియంలూ యూరపు అద్దాల గదుల్లో రాజభోగం అనుభవిస్తున్న కాలంలో, సొంత ఊళ్ళో వాటిని పిచ్చిమొక్కలుగానే చూసేవారు. ఇప్పటికీ కాలిఫోర్నియా పెరట్లలో కనిపించే అగపాంథస్, లాస్ ఏంజిలిస్ నగరం తన అధికార పుష్పంగా ఎంచుకున్న స్ట్రెలిట్జియా, కుండీల్లో ‘జెరేనియం’ అని అమ్మే మొక్కల్లో ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా నుంచి వెళ్ళినవే.

స్వదేశి తోట తొలి రోజులు పరదేశి చెట్ల మీదనే గడిచాయనడం ఒక తమాషా. ప్రభుత్వం ఇచ్చే వెయ్యి పౌండ్ల వార్షిక గ్రాంటు చాలక పియర్సన్ వంటచెరకును, ఓక్ చెట్ల కాయలను అమ్మి ఖర్చులు వెళ్ళదీశాడు. ఓక్ యూరపు చెట్టు. 1898లో రోడ్స్ నాటించిన కర్పూర వృక్షాల బాట ఈనాటికీ తోట మధ్యలో ఉంది. నియమం నియమమే, నూరేళ్ళు దాటిన చెట్టును నరకడానికి మాత్రం ఎవరికీ చేతులు రావు. పియర్సన్ 1916లోనే న్యుమోనియాతో చనిపోయాడు. అతని సమాధి తోటలోనే ఉంది. ఇప్పుడు మొత్తం 528 హెక్టార్లలో సాగులో ఉన్నది 36 హెక్టార్లు మాత్రమే. మిగిలినదంతా సహజ వృక్షసంపద. 2004లో కేప్ పుష్పప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ తోట కూడా అందులో భాగమయింది.

కేప్ పుష్పప్రాంతం వైశాల్యం సుమారు 90,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ కంటే చిన్నది. అందులో సుమారు 9,000 రకాల పూలమొక్కలు ఉన్నాయి. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా ప్రపంచంలో మరెక్కడా పుట్టవు. ఒక్క ఎరికా ప్రజాతిలోనే ఆరువందలకు పైగా జాతులు. ఒక కొండ మీద ఉన్నది పక్క కొండ మీద ఉండకపోవచ్చు. అందుకే ఇక్కడ ‘ఊరు’ అంత ముఖ్యం.

సంచీ, కత్తెర, రిజిస్టరు

బయటివారి ఊహలో తోటపని అంటే పాదులు తీయడం, నీళ్ళు పెట్టడం. ఆ పనులూ ఉన్నాయి. అవి పొద్దున్నే, ఎండ ముదరకముందే అయిపోవాలి. అయితే మొక్క ప్రయాణం తోటలో కాక కొండ మీద మొదలవుతుంది. విత్తనాలు ముదిరే వారం ఏదో ముందుగా తెలియదు. చాలా ప్రోటియా జాతులు విత్తనాలను శంకువుల వంటి గట్టి తలల్లో మంటలు వచ్చేదాకా చెట్టు మీదనే దాచుకుంటాయి. వాటిని తీరిగ్గా కోసుకోవచ్చు. పిన్‌కుషన్ అని పిలిచే ల్యూకోస్పర్మం జాతులు అలా కాదు, ముదిరిన గింజను వెంటనే నేల మీద రాలుస్తాయి. గింజ చుట్టూ ఉండే కొవ్వు పొర కోసం చీమలు దాన్ని పుట్టలోకి లాక్కుపోతాయి, పొర తిని గింజను అక్కడే వదిలేస్తాయి. ఎలుకల నుంచీ మంటల నుంచీ గింజకు అదే రక్షణ. అర్జెంటీనా నుంచి వచ్చిపడిన చీమ స్థానిక చీమలను తరిమేసిన చోట ఈ ఏర్పాటు దెబ్బతింటోందని 1980ల నుంచి తెలుసు. ఆ చీమ పొరను బయటే తినేసి గింజను నేల మీద వదిలేస్తుంది.

విత్తన నిధి కోసం సేకరించేటప్పుడు ఆ రోజు దొరికే ముదురు గింజల్లో ఐదో వంతుకు మించి తీసుకోకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే నియమం. మిగిలినవి ఆ నేలకే చెందుతాయి. వీలైతే యాభై మొక్కలకు తగ్గకుండా, కొంచెం కొంచెంగా తీసుకోవాలి. ఒకే పొద పూలతో విరగకాసి ఉన్నప్పుడు సంచీ అక్కడే నింపేసుకోవాలనిపిస్తుంది. అలా చేస్తే తోటలో వంద మొక్కలు లేచినా అవన్నీ ఒక తల్లి బిడ్డలే.

ఆ సంచీ మీద రాసేవి: స్థలం, ఎత్తు, వాలు ఏ దిక్కు, నేల రాయా ఇసుకా, పక్కన ఏ మొక్కలున్నాయి, తేదీ, సేకరించినవారి పేరు. తోటకు చేరాక దానికొక నమోదు సంఖ్య పడుతుంది. ఆ తరువాత అది ట్రేలో మొలకైనా, కుండీలో నారైనా, మడిలో పొదైనా, దాని కొమ్మతో చేసిన కొత్త మొక్కైనా ఆ సంఖ్య దాన్ని వదలకూడదు. మాటగా ఇది ఎంతో తేలిక. నిజజీవితంలో పలకలు ఎండకు వెలిసిపోతాయి. సందర్శకుల పిల్లలు పీకేస్తారు. కొత్తగా చేరినవాడు రెండు ట్రేలు సర్దుతూ రెండు చీటీలు తారుమారు చేస్తాడు. మొలక దశలో ఎరికాలన్నీ ఒకేలా కనిపిస్తాయి, పూతకు వచ్చేదాకా పొరపాటు బయటపడదు. ఒకే జాతికి చెందిన రెండు కొండల మొక్కలు తారుమారైతే పూసినా బయటపడదు. అటువంటి మొక్క తోటలో అందంగానే ఉంటుంది. కాని రేపు ఆ కొండ మీద జాతి నశిస్తే, తిరిగి నాటడానికి దాన్ని నమ్మలేరు.

పొగ

కేప్ కొండల మీది పొదల అడవిని ఫైన్‌బోస్ అంటారు. ఆఫ్రికాన్స్ భాషలో సన్నాకుల పొద అని అర్థం. రూయిబోస్ టీ తాగేవారు తాగుతున్నది ఒక ఫైన్‌బోస్ మొక్క ఆకునే. ఈ అడవి పది పదిహేనేళ్ళకో, ఇరవై ఏళ్ళకో ఒకసారి కాలిపోతుంది. కాలాలి కూడా. కాలకపోతే ముసలి పొదలు చచ్చిపోతాయి, విత్తనాలు నేలలోనే పడి ఉంటాయి. మంటల తరువాతి తొలి శీతకాలపు వానలకు ఒక్కసారిగా మొలకెత్తుతాయి.

నూరేళ్ళ తోటపనిలో అందరినీ వేధించిన సమస్య ఇదే. తోట మడులకు నిప్పు పెట్టలేరు. నిప్పు లేకుండా మొలకెత్తించడం ఎలా? గట్టి పెంకు ఉన్న చిక్కుడు కుటుంబపు గింజలను మరిగిన నీళ్ళలో వేసి, లేదా గరుకు కాగితం మీద రుద్ది ఒప్పించవచ్చు. పిన్‌కుషన్ గింజలను నీళ్ళు కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఒక రోజు నానబెడితే ప్రాణవాయువు లోపలికి చేరి ఫలితం ఉంటుంది. విత్తడం వేసవి చివర, మార్చి ఏప్రిల్ నెలల్లో జరగాలి. పగలు వేడి, రాత్రి చలి అనే తేడా గింజకు కాలం మారిందన్న కబురు. ఇవన్నీ చేసినా వందలాది జాతులు ఉలకలేదు, పలకలేదు. రెల్లుగడ్డిలా పెరిగే రెస్టియోలు ముఖ్యంగా అటువంటివి. వాటిని తోటల్లో పెంచడం దాదాపు అసాధ్యమని వదిలేశారు.

కిర్‌స్టన్‌బోష్‌లో పనిచేస్తున్న హానెస్ డి లాంగ్ అనే పరిశోధకుడు ఔడోయినియా కాపిటాటా అనే అరుదైన మొక్క గింజలతో కుస్తీ పడుతూ అడిగిన ప్రశ్న చాలా మామూలుది. మంటలో వేడి ఒక్కటే ఉంటుందా? పొగ కూడా ఉంటుంది కదా? విత్తిన నేల మీదికి పొగ పట్టించి చూస్తే గింజలు మొలిచాయి. సి. బౌషేతో కలిసి 1990లో ఆయన ఆ ఫలితాన్ని ప్రకటించాడు. తరువాత అదే తోటలో నెవిల్ బ్రౌన్ ఎన్నో ఫైన్‌బోస్ జాతుల మీద పరీక్షలు జరిపి, ఇది ఒక మొక్కకు పరిమితమైన వింత కాదని చూపాడు.

ఈ పద్ధతికి కావలసిన సరంజామా ఏ పల్లెటూరి రైతుకైనా అర్థమయ్యేదే. ఒక ఇనుప పీపాలో ఎండు కొమ్మలూ పచ్చి కొమ్మలూ కలిపి రాజేస్తారు. పచ్చివి లేకపోతే మంట వస్తుంది కాని పొగ రాదు. ఆ పొగను ఒక గొట్టం గుండా, కాస్త చల్లారనిచ్చి, విత్తిన ట్రేల మీద కట్టిన ప్లాస్టిక్ గుడారంలోకి పంపుతారు. గంటా రెండు గంటలు అలా ఉంచుతారు. తరువాత నీళ్ళు జాగ్రత్తగా పోయాలి. ఒకేసారి కుమ్మరిస్తే పొగలోని సారం అడుగుకు కారిపోతుంది. దీన్ని ఇంకా సులువు చేస్తూ పొగను నీళ్ళలోకి బుడగలుగా పంపి, ఆ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితాలను తోట అమ్మకానికి పెట్టింది. కాగితాన్ని కాసిని నీళ్ళలో వేసి, అందులో గింజలు ఒక రాత్రి నానబెడితే చాలు. కాలిన అడవి వాసన ఒక పొట్లంలో అమ్ముడుపోయే రోజు వచ్చింది.

ఆ సారం ఏమిటో తేలడానికి మరో పద్నాలుగేళ్ళు పట్టింది. 2004లో ఆస్ట్రేలియాలో ఒక బృందం, దక్షిణాఫ్రికాలో మరొక బృందం విడివిడిగా ఒకే పదార్థాన్ని వేరు చేశాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ఆదివాసులైన నూంగార్ల భాషలో పొగను సూచించే మాట నుంచి ఈ కుటుంబపు రసాయనాలకు కారికిన్లు అన్న పేరు వచ్చింది. నూరు కోట్ల వంతుల నీటిలో ఒక వంతు ఉన్నా గింజ దాన్ని పసిగడుతుంది. మంటలతో ఏ సంబంధమూ లేని లెట్యూస్ గింజలు కూడా దానికి స్పందిస్తాయి. అది వేరే చర్చ. తోట వరకు చూస్తే, అసాధ్యమనుకున్న రెస్టియోలు ఈ రోజు కేప్‌టౌన్ ఇళ్ళ ముందరా, ఆఫీసుల ముందరా వరుసలుగా పెరుగుతున్నాయి.

ఈ కథలో గమనించవలసింది ఒకటి ఉంది. రసాయనశాస్త్రం చివర్లో వచ్చింది. మొదట వచ్చింది మొలవని ట్రే ముందు నిలబడి విసిగిపోయిన మనిషి అనుమానం.

ఎరికా తిరిగి వచ్చిన దారి

ప్రిటోరియా పొద కొమ్మలు కిర్‌స్టన్‌బోష్ నర్సరీకి చేరాయి. ఎరికాను కొమ్మతో పెంచడం కష్టమేమీ కాదు, అలాగని అజాగ్రత్తను సహించే పనీ కాదు. మరీ లేతా మరీ ముదురూ కాని కొమ్మ కొనలను వేలి పొడవు లోపు కత్తిరించి, కింది ఆకులు తీసి, వేళ్ళు తొడిగించే హార్మోను పొడిలో అద్ది, నీరు నిలవని మిశ్రమంలో గుచ్చుతారు. అడుగున గోరువెచ్చదనం, పైన మంచులా పడే నీటి తుంపర కావాలి. వారాల తరువాత వేళ్ళు వస్తాయి. ఎరువు వేసే చెయ్యి మాత్రం ముడుచుకోవాలి. ఈ మొక్కలు పోషకాలు దాదాపు లేని ఆమ్ల ఇసుకకు అలవాటు పడ్డవి. ముఖ్యంగా ప్రోటియా కుటుంబానికి మామూలు ఎరువులోని భాస్వరం విషంతో సమానం.

ఒక్క పొద నుంచి కత్తిరించిన కొమ్మలు వెయ్యి నాటినా జన్యుపరంగా అవి ఒక్క మొక్కే. జాతి బతకాలంటే ఒకదానికొకటి పరాయివైన మొక్కలు కావాలి. వెతుకులాట అక్కడి నుంచి మొదలయింది. రెండో మొక్క దొరికిన చోటు కిర్‌స్టన్‌బోష్ తోటే! దాన్ని గుర్తించినవాడు తోట మేస్త్రి అడోనిస్ అడోనిస్. ఆ మొక్క వంశానికి ఇప్పుడు ‘అడోనిస్’ అన్న పేరే ఉంది. ప్రిటోరియా వంశానికి ‘ఆఫ్రికన్ ఫీనిక్స్’ అని పెట్టారు. మూడోది మరీ దూరాన, వియన్నా నగరంలోని బెల్వెడేర్ ప్రాసాదపు తోటలో ఉంది. 18వ శతాబ్దం చివరలో ఆస్ట్రియా చక్రవర్తి కోసం మొక్కలు సేకరించడానికి ఫ్రాంట్జ్ బోస్, గియోర్గ్ షోల్ అనే తోటమాలులు కేప్‌కు వచ్చారు. వారు పంపిన మొక్కల సంతతిగా ఆ ఎరికాను భావిస్తారు. రెండు శతాబ్దాల పాటు, నెపోలియన్ యుద్ధాలూ ప్రపంచ యుద్ధాలూ దాటి, పేరు తెలియని తోటమాలులు ఎవరో ఒకరు ముసలిపొద చచ్చేలోగా దాని కొమ్మ కత్తిరించి కొత్త కుండీలో గుచ్చుతూ వచ్చారు. ఎరికా ఆయుష్షు తక్కువ. ఆ గొలుసులో ఒక్క తరం బద్ధకించినా ఆ వంశం పోయేది. కాలిఫోర్నియాలోని ఒక నర్సరీలోనూ మరో వంశం దొరికింది. ఇలా ఒక్కొక్కటీ పోగుచేసి, వాటి వివరాలు గుదిగుచ్చిన పనిలో కిర్‌స్టన్‌బోష్ నర్సరీ బాధ్యుడు ఆంథొనీ హిచ్‌కాక్‌ది పెద్ద పాత్ర.

1994లో కేప్‌టౌన్ ఇసుక మైదానాల్లో మిగిలిన రొండెవ్లే అభయారణ్యంలో ఆ మొక్కలను తిరిగి నాటారు. తరువాత కెనిల్‌వర్త్ గుర్రప్పందాల మైదానం మధ్యలో మిగిలిపోయిన ఫైన్‌బోస్ ముక్కలోనూ, టొకైలోనూ నాటారు. పందెం గుర్రాలు చుట్టూ పరుగెత్తుతుండటం వల్ల లోపలి నేల ఇళ్ళ కింద పోకుండా దక్కింది. అదృష్టం అలాంటి చోట్ల కూడా ఉంటుంది.

నాటడం ఒక రోజు పని. దాని ముందున్న జాగ్రత్తలు ఎవరికీ కనిపించవు. నర్సరీ మట్టిలో వేరుకుళ్ళు తెగులును కలిగించే ఫైటోఫ్తోరా సూక్ష్మజీవి ఉంటే, మంచి చేయబోయి అడవికి రోగం అంటించినట్లవుతుంది. కేప్ పర్వతాల వెండిచెట్టును, ఎన్నో ప్రోటియాలను చంపేది ఆ జీవే. అందుకే నర్సరీ బల్లలు నేలకు ఎత్తుగా ఉండాలి, కుండీ అడుగు నేలను తాకకూడదు, మట్టి మిశ్రమం శుభ్రంగా ఉండాలి, బూట్లు మందు నీళ్ళలో ముంచాలి. ఇదంతా చాదస్తంగా కనిపించే పని. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. ప్రకృతిలో కొండకొకటిగా దూరదూరంగా పెరిగే దగ్గరి జాతులు తోటలో పక్కపక్క మడుల్లో ఉంటాయి. తేనెటీగకూ, సన్‌బర్డ్ పిట్టకూ మడి గట్టు అడ్డు కాదు. అందువల్ల తోటలో కాసిన గింజ సంకరం కావచ్చు. ఎంత ఆరోగ్యంగా కనిపించినా ఆ గింజను అడవికి పంపకూడదు. స్వదేశి మొక్కలను ఒకచోట చేర్చడమనే మంచి పనే వాటి ఊళ్ళను కలిపేసే ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. ఈ రకం తోటల్లో ఇంతకంటే పెద్ద వైరుధ్యం మరొకటి లేదు.

సంకరాన్ని, ఎంపికను సందర్శకుల కోసం కావాలని చేసే పనీ ఉంది, అది వేరే ఖాతా. నారింజ రంగుకు బదులు పసుపు పూలు పూసే స్ట్రెలిట్జియాను జాన్ వింటర్ ఏడు మొక్కలతో మొదలుపెట్టి, చేత్తో పరాగసంపర్కం చేస్తూ ఇంచుమించు ఇరవై ఏళ్ళు పెంచాడు. గింజలను ఉడతలు తినకుండా పూగుత్తులకు ఇనుప వల తొడగవలసి వచ్చింది. ఆ బూడిదరంగు ఉడతలు కేప్‌కు వచ్చింది రోడ్స్ పుణ్యమే! 1996లో ఆ రకానికి ‘మండేలాస్ గోల్డ్’ అని పేరు మార్చారు. తోటకు వచ్చేవారు ఫొటో తీసుకునేది దీన్నే. రిజిస్టరులో మాత్రం దీనికీ, కొండ నుంచి వచ్చిన స్ట్రెలిట్జియాకూ మధ్య గీత స్పష్టంగా ఉండాలి.

పంజరంలో చెట్టు

విత్తన నిధి ఉండగా ఈ అవస్థ అంతా ఎందుకని అడగవచ్చు. నిజమే, బాగా ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచిన గింజలు దశాబ్దాలు ఉంటాయి. ఇంగ్లండులోని మిలేనియం విత్తన నిధితో దక్షిణాఫ్రికా 2000 సంవత్సరం నుంచి కలిసి పనిచేస్తోంది. కాని అన్ని గింజలూ ఆరడాన్ని భరించవు. సైకడ్ గింజలు ఎండితే చస్తాయి. వాటిని బతికిన చెట్లుగానే కాపాడాలి.

తిరుమల, శేషాచలం కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమై చెట్టును చూసినవారికి సైకడ్ అంటే ఏమిటో తెలుసు. చూపుకు ఈతచెట్టు, పుట్టుకలో పూలమొక్కల కంటే పాతది. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మందుల కోసం మగ శంకువులను కోసుకుపోవడం శేషాచలంలో దాన్ని పీడించే సమస్యల్లో ఒకటి. ఆ మొక్క అంతర్జాతీయ వ్యాపారం మీద అత్యంత కఠినమైన ఆంక్షలున్నాయి. దక్షిణాఫ్రికాలో ఆ పీడ మరో రూపంలో ఉంది. అక్కడ చెట్టునే పెకలించుకుపోతారు. ధనికుల పెరట్లలో అరుదైన సైకడ్ ఉండటం ఒక హోదా.

1895లో డర్బన్ వృక్షోద్యానపు బాధ్యుడు జాన్ మెడ్లీ వుడ్ జూలూల దేశంలోని ఙోయె అడవి అంచున ఒక సైకడ్ గుబురును చూశాడు. నాలుగు కాండాలు, అన్నీ మగవే. ఆ తరువాత ఎందరు ఎంత వెతికినా రెండో గుబురు దొరకలేదు. పిలకలూ కాండాలూ తోటలకు తరలించారు. 1916లో అడవిలో మిగిలిన ఆఖరి కాండాన్ని తవ్వించి ప్రిటోరియాకు పంపారు. దాంతో ఎన్‌సెఫలార్టోస్ వుడీకి అడవిలో చోటు లేకుండా పోయింది. ప్రపంచంలో ఉన్న వుడీ చెట్లన్నీ ఆ ఒక్క మగ చెట్టు పిలకలే. ఇటీవల డ్రోన్లతో ఙోయె అడవిని పైనుంచి ఫొటోలు తీసి ఆడ చెట్టు కోసం వెతికే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఇంకా దొరకలేదు.

కిర్‌స్టన్‌బోష్‌లో ఆ చెట్టు ఇనుప పంజరంలో ఉంటుంది. చెట్టుకు పంజరం చూసి నవ్వుకునే సందర్శకులకు 2014 సంగతి తెలియకపోవచ్చు. ఆ ఏడాది ఈ తోటలోంచే రెండు డజన్ల దాకా అరుదైన సైకడ్లను దొంగలు తవ్వుకుపోయారు. మైక్రోచిప్పులు పెట్టినా, వెతికి గీకి పారేసే నేర్పు వారికుంది. దొరికిన చెట్టు ఏ కొండదో చెప్పలేకపోతే అది ప్రాణంతో ఉన్నా జాతి పునరుద్ధరణకు సగమే పనికొస్తుంది. ఇక్కడ కూడా కథ రిజిస్టరు దగ్గరికే వస్తుంది. ఏ చెట్టు ఎక్కడిది, ఆడదా మగదా, ఎప్పుడు శంకువు తొడిగింది, ఎవరి పరాగంతో ఎన్ని గింజలు వచ్చాయి అన్న లెక్కలు లేకపోతే ఆడ మొక్కలూ మగ మొక్కలూ సరిపడా ఉన్న జాతులను కూడా సరిగా జతపరచలేరు.

ఇంత బాధ్యత ఉన్న పనికి తెలుగులో ఉన్న మాట తోటమాలి. ఆ మాట వినగానే మనసులో మెదిలేది బంగళా గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి. ఉద్యానశాస్త్ర పట్టభద్రులు ఆ మాట తమకు తగదనుకుంటారు, వ్యవసాయ శాఖ ఉద్యోగమో విత్తన కంపెనీ ఉద్యోగమో వెతుక్కుంటారు. ఇంగ్లీషులోనూ పరిస్థితి మరీ భిన్నం కాదు. పరిశోధనా పత్రం మీద శాస్త్రజ్ఞుడి పేరు ఉంటుంది, మొలకెత్తించినవారి పేరు కృతజ్ఞతల వరుసలో ఉంటే ఉంటుంది. ఒక మేస్త్రి పేరు ఒక మొక్క వంశానికి శాశ్వతంగా నిలవడం అరుదైన సంగతి. అది కూడా ఆ జాతి ఇంచుమించు పోయాక, వెతుకులాట మొదలయ్యాక.

కిర్‌స్టన్‌బోష్‌లో ఎరికా మడులను ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాలి. ముసలిపొదలను పీకేసి, నేలను కొంతకాలం వదిలి, నర్సరీలో సిద్ధంగా ఉన్న కొత్త మొక్కలు నాటుతారు. పొదను పీకేముందు దాని కొమ్మలు కత్తిరించి గుచ్చారా లేదా అని ఒకరు చూసుకోవాలి. కొత్త మొక్క పక్కన పాత సంఖ్యతోనే కొత్త పలక గుచ్చుతారు. రొండెవ్లేలో నాటిన ఎరికాల సంగతి వేరు. అక్కడ పలకలూ తుంపర నీళ్ళూ ఉండవు. నేలలో రాలిన గింజ మంటల తరువాత తనంతట తానుగా మొలిచి, మళ్ళీ పూతకు వస్తేనే ఆ మొక్క ఊరు చేరినట్లు లెక్క. అందుకే ఆ నేల కాలిన ప్రతిసారీ, తొలి వానలు పడ్డాక, మోకాళ్ళ మీద కూర్చుని బూడిదలో మొలకలు లెక్కపెట్టవలసి ఉంటుంది.